కూర్చుని చదవాల్సిన వాక్యం

టీచరమ్మ పోయిందన్న కబురు నాకు ఫోనులో మూడు ముక్కలుగా వచ్చింది. "టీచర్ ఎక్స్‌పైర్డ్." దాని కింద "వెరీ శాడ్." దాని కింద చేతులు జోడించిన బొమ్మ. విశాఖపట్నంలో సిటీ బస్సులో నిలబడి ఆ మూడూ చదివాను. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఏ టీచరు? ఎప్పుడు? ఎక్కడ? ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పి, సరిగ్గా ఇలాంటి ముక్కల మీదే జీవితమంతా పోట్లాడిన మనిషి. ఆమె చావును ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే ముక్కలు చేసి పంపారు.

బస్సు దిగి ఫోన్ చేసి ఒక్కొక్కటే అడిగాను, ఆమె అడిగినట్టే. అప్పుడు తెలిసింది. ప్రేమ్ బజార్‌లో స్టేషనరీ కొట్టు వెనక ఆమె అద్దెకున్న గదిలో, పొద్దున్న టీ తాగాక, ఎదురుగా ఉన్న పెద్ద కాలేజీలో చదివే ఒకమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు దిద్దుతూ దిద్దుతూ కుర్చీలోనే తల వాల్చేసిందట. కొట్టాయన చిల్లర కోసం లోపలికి వెళ్ళి చూస్తే పెన్సిలు ఇంకా వేళ్ళ మధ్యనే ఉందట. ఇదీ కబురంటే. ఇది చెప్పడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

ఆ సాయంత్రమే రైలెక్కాను.

ఆమెను మీరెవరూ ఎరగరు. పుస్తకాలు రాయలేదు, సన్మానాలు చేయించుకోలేదు. శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వలస వచ్చిన ఒక కుటుంబంలో పుట్టి, ఆ కాలనీ పిల్లలకే పాఠం చెప్పింది. బెంగాలీ పిల్లలు దీదీమొణి అనేవారు, మేం టీచరమ్మ అనేవాళ్ళం. పొట్టి మనిషి. చీర కొంగు ఎప్పుడూ చాక్‌పీసు పొడితో తెల్లగా ఉండేది. నవ్వడం తక్కువ, నవ్వించడం ఎక్కువ.

ఆమె పాఠం ఇలా ఉండేది. బోర్డు మీద ఎడమ చివర "ఎ మ్యాన్ కేమ్" అని రాసి, చాక్‌పీసు బల్ల మీద పెట్టేసి, చేతులు కట్టుకుని నిలబడేది. ఇక మేం అడగాలి. ఏ మనిషి? పాలు పోసే మనిషి. ఎప్పుడొచ్చాడు? కుళాయి కట్టేశాక. కట్టేశాక వస్తే ఎవరికేం? పాలలో కలపడానికి నీళ్ళు దొరకలేదు గనక మా అమ్మకు సంతోషం. అడిగిన ప్రతిదానికీ ఒక హూ, ఒక వెన్, ఒక బికాజ్ పెట్టి అతికించుకుంటూ పోయేది. వాక్యం బోర్డు కుడి అంచుకు చేరేది. ఆమె ఆగేది కాదు. చెక్క ఫ్రేము దాటి గోడ మీదికి రాసుకుంటూ వెళ్ళేది. స్కూలు ప్యూను గుమ్మంలో నిలబడి, "దెయాల్ నోంగ్రా హొచ్ఛే, దీదీమొణి" అని, గోడ పాడవుతోందని, దిగులుగా గొణిగేవాడు. ఆమె మా వైపు తిరిగి అనేది: "గోడ తుడిస్తే పోతాది. అడగాల్సింది అడక్కపోతే అది పోదు."

ఉపవాక్యాలు అన్న మాట ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు. పుస్తకంలో ఆ పేరే ఉండేది, నిర్వచనం కూడా ఉండేది. ఆమె పుస్తకం మూసేసి, "కుళాయి కాడ మీ అమ్మ ఎలా సెప్తాదో అలా రాయండి. 'మనిషి వచ్చినాడు' అని సెప్పి మీ అమ్మ ఊరుకుంటాదేటి?" అనేది. క్లాసంతా నవ్వేది. నిజమే కదా. మా ఓల్డ్ సెటిల్‌మెంట్ పేట కుళాయి దగ్గర ఆడవాళ్ళు, నిన్న మన బాల్చీ నెట్టేసి ముందు నిలబడ్డ ఆ మూడో లైను కోడలు, అత్త ఊళ్ళో లేనప్పుడు చూసి ఏం చేసిందో తెలుసా అని మొదలుపెడితే, ఊపిరి తీసుకోకుండా నలుగురి చరిత్ర ఒకే మాటలో చెప్పేవారు. అంత పెద్ద నోరున్న జనం ఇంగ్లీషు కాగితం ముందుకు రాగానే మూగబోయేవారు. మూగబోవడం కూడా కాదు, క్షమాపణ అడిగేవారు.

ఇది మావాళ్ళకే ప్రత్యేకమైన జబ్బు. కాగితం ఏదైనా సరే, చివర "కైండ్లీ ఎక్స్‌క్యూజ్, ఇకముందు ఇలాంటిది జరగదు" అని ఉండాల్సిందే. సెలవు చీటీకీ అదే, బదిలీ అర్జీకీ అదే. బజార్లో టైపు మిషను పెట్టుకుని కూర్చున్నాయన దగ్గర ఆ ముక్క సిద్ధంగా ఉండేది, పైన పేరు మారేది. దొరల కాలం పోయినా ఆ ముక్క పోలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అది మా ఇంటి మీదికి వచ్చింది.

మా తాత రైల్వే మనిషి. నాన్నకు ఆ అదృష్టం పట్టలేదు. ఊరి బయట ఒక ప్రైవేటు ఫౌండ్రీలో, పోత పోసిన బరువులను గొలుసు కట్టి క్రేనుతో ఎత్తించే పనిలో ఉండేవాడు. ఒకరోజు గొలుసు తెగింది. నాన్నతో పాటు పనిచేసే బెంగాలీ దాదా పాదం మీద ఎత్తుతున్న ఇనుప అచ్చు పడింది. నాలుగో రోజున నాన్న చేతికి నోటీసు వచ్చింది: నీ అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదానికి నిన్ను పనిలోంచి ఎందుకు తీసేయకూడదో రేపు పది గంటల్లోగా రాసి ఇవ్వు.

నాన్న తిన్నగా టైపు మిషను ఆయన దగ్గరికి వెళ్ళాడు. కాగితంతో ఇంటికొచ్చి, "మీ టీచరమ్మకి సూపించి స్పెల్లింగులు సూడమను" అని నాకిచ్చాడు. అందులో నాలుగు ముక్కలున్నాయి. చైన్ బ్రోక్. వన్ మ్యాన్ ఇంజూర్డ్. ఇట్ వాజ్ మై మిస్టేక్. కైండ్లీ ఎక్స్‌క్యూజ్.

టీచరమ్మ వరండాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి చదివింది.

"స్పెల్లింగులన్నీ బాగున్నాయే గుంటా. మీ నాన్నే ఎక్కడా నేడు ఇందల. తీసుకురా."

నాన్న వచ్చి, సైకిలు పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు.

"కూకో తమ్ముడూ."

"పర్నేదమ్మా."

"తప్పు నువ్వు సేసినావా?"

"నేదమ్మా."

"మరి సేసినానని ఎందుకు రాయించినావు?"

"పెద్దోలకి రాసినపుడు అలగే రాస్తారు కదమ్మా. మరియాద. మా అయ్య కూడా అంతే. నా పెళ్ళికి సెలవు సీటీలో కూడా ఇంకెప్పుడూ సెయ్యనని రాసిచ్చినాడు."

"మాట నిలబెట్టుకున్నాడు. మళ్ళీ సెయ్యనేదు కదా," అంది ఆమె. నాన్న నవ్వాడు. ఆ వారంలో మొదటిసారి. నవ్వి, సైకిలు స్టాండు వేసి, మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు మన మాటలో సెప్పు. ఏటయినాది?"

నాన్న చెప్పాడు. నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "లింకు సాగిపోయినాదని సోమారం ఓపాలి, బుదారం ఓపాలి నాను సెప్పినా ఇనుకోకుండా, మద్దేనం లోపల లోడు ఎల్లిపోవాలని ఫోర్‌మేను తొందరెడితే అదే గొలుసుతోటి ఎత్తిన అచ్చు, పక్కకి జరగడానికి సోటు నేని కాడ నిలబడిపోయిన దాదా కాలి మీద పడినాదమ్మా."

ఆమె వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది. "ఎన్ని సంగతులు సెప్పినావో సూడు. ఎవలు, ఎప్పుడు, ఎందుకు, ఎవలు సెప్పితే. అన్నీ నీ నోట్లో ఉన్నాయి. ఆ టైపు బాబు ఒక్కటీ అడగనేదు. నువ్వు ఒక్కటీ సెప్పనేదు. గొలుసు తెగినాది, తప్పు నాది. మద్దిన ఉన్నోలందరూ ఎటెల్లిపోయినారు?"

నాన్న అసలు సంగతి అప్పుడు బయటపెట్టాడు. "ఫోర్‌మేను మా ఊరోడమ్మా. నన్నీ పనిలో ఎట్టినోడు ఆడే. ఆడి మాట ఎలా రాయమంతారు?"

ఇక్కడ ఎవరైనా ధర్మోపన్యాసం మొదలుపెడతారు. వర్గం, చైతన్యం, పోరాటం. నేనైతే మొదలుపెట్టేదాన్నే. ఆమె చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని రెండు రాళ్ళు ఏరింది. "అది కూడా రాద్దాం," అంది. "పని ఏయించినాడు, నిజవే కదా. దాయడం ఎందుకు? ఒసే గుంటా, ఆల్దో తోటి ఎత్తుకో. ఆ ఉపకారం పక్కన కూకుంటాది. పెద్ద కుర్సీలో మట్టుకు గొలుసుని కూకోబెట్టు. పెద్ద కుర్సీలో ఏది కూకుంటాదో అదే నువ్వు సెప్పిన మాట. మిగతావన్నీ దానికి సాచ్చీలు."

ఒక్క ఇంగ్లీషు మాట ఆమె అందివ్వలేదు. అడుగుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. నా రఫ్ నోటుబుక్కు సగం అయిపోయింది. చీకటి పడే వేళకు ఒక పేజీ తేలింది. అందులో నడుమ వాక్యం తెలుగులో చెబితే ఇది: "నాకు ఈ పని ఇప్పించినవారు ఫోర్‌మన్ గారే అయినప్పటికీ, అందుకు నేను ఎప్పటికీ కృతజ్ఞుణ్ణే అయినప్పటికీ, మధ్యాహ్నం లోపు లోడు వెళ్ళాలని ఆయన ఆజ్ఞాపించినందువల్ల, లింకు సాగిపోయిందని నేను రెండుసార్లు తెలియజేసిన గొలుసుతోనే మేము ఆ అచ్చును ఎత్తవలసి వచ్చింది."

నేను చదివి వినిపించాను. నాన్నకు ఇంగ్లీషు అర్థం కాకపోయినా చివర ఒక మాట లేదని మాత్రం తెలిసింది.

"ఎక్స్‌క్యూజ్ నేదేటమ్మా?"

"నేదు."

"ఒక్కటెట్టండి. బోడిగా ఉన్నాది."

"కింద యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ ఉంది కదా తమ్ముడూ. అంతకన్నా ఒంగితే నడుం పట్టేస్తాది."

మర్నాడు సాయంత్రం ఆమే మా లైనుకు నడిచి వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మంలోంచే నాన్నను ఒక్క మాట అడిగింది. "మేనేజరు నించుని సదివినాడా, కూకుని సదివినాడా?"

"నించునే అందుకున్నాడమ్మా. సగానికొచ్చి కుర్సీ లాక్కున్నాడు."

"ఠీక్ హై," అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. టీ కూడా తాగలేదు.

గెలుపు కథ చెబుతున్నానని అనుకోకండి. నాన్న పని పోలేదు, కానీ దూరపు షెడ్డుకు మార్చారు. దాదాకు మూడు కాలివేళ్ళు పోయాయి. అయితే అది కార్మికుడి నిర్లక్ష్యం కాదు, పనిలో జరిగిన ప్రమాదమని కాగితం మీద నిలబడింది గనక ఆయన్ను గేటు దగ్గర కూర్చునే పనిలో వేశారు. ఆ గొలుసును ఆ వారమే తుక్కులో పడేశారు. ఫోర్‌మన్ మాతో మాటలు మానేశాడు. ఆయన భార్య కుళాయి దగ్గర మా అమ్మను చూసి మొహం తిప్పుకునేది. నాన్న ఏళ్ళ తరబడి ఆ బాధ పడ్డాడు. కానీ రాసింది తప్పని ఒక్కరోజూ అనలేదు.

ఎవరు మోశారో మరి, టీచరమ్మ ఫ్యాక్టరీ గొడవల్లో తలదూరుస్తోందని హెడ్మాస్టరు సంజాయిషీ అడిగాడు. "నా విద్యార్థిని అడగగా వాక్యరచన నేర్పాను, అది నా ఉద్యోగం గనక" అని ఒక్క వాక్యం రాసి ఇచ్చిందట. అందులోనూ క్షమాపణ లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నాకు ఒళ్ళు మండుతోంది గనక. ఏ ఊళ్ళో చూసినా స్పోకెన్ ఇంగ్లీషు దుకాణాలు. చిన్న వాక్యం రాయండి, క్లుప్తంగా రాయండి, చుక్క పెట్టి కదలండి. ఎవరికి చెబుతున్నారీ మాట? కాల్ సెంటరుకూ హోటలు కౌంటరుకూ తయారయ్యే పిల్లలకు. యస్ సర్, సారీ సర్, ప్లీజ్ వెయిట్ సర్. ఆజ్ఞ అందుకోవడానికి అంతకన్నా పెద్ద వాక్యం అక్కర్లేదు. కారణం చెప్పడానికి కావాలి. ఒక మనిషి మీద పడ్డ నింద వెనక ఇంకా ఎవరెవరున్నారో చూపించడానికి కావాలి. పేపరు తీయండి: గోడ కూలి కార్మికుడి మృతి. ఏ గోడ? ఎవరు కట్టించింది? పగులు ఉందని ఎవరు ఎవరికి చెప్పారు? ఆ గోడ దానంతటదే వచ్చి మీద పడినట్టు రాస్తారు.

పొడుగు వాక్యాలు దొరలవీ ప్లీడర్లవీ కదా అని మీరు అనవచ్చు. ఆ ఎదురుప్రశ్న నేనూ ఆమెను అడిగాను. రిటైరై ప్రేమ్ బజార్‌లో ఉంటున్నప్పుడు కాలేజీ పిల్లలు రిపోర్టులు తెచ్చి ఆమె బల్ల మీద పోసేవారు. ఒక కాగితం తీసి నాకు చూపించింది. పది లైన్ల వాక్యం, "గమనించబడినది" అని ముగిసింది. "ఇది కూడా పొడుగే. ఎవలు గమనించినారు? బల్ల గమనించినాదా?" పక్కనున్న విద్యార్థి తల దించుకున్నాడు. "మీ కాలేజీ పుట్టిన హిజ్లీ జైల్లో ఒకప్పుడు తెల్లోలు మనుసుల్ని బందీలుగా పెట్టినారు బాబూ. అక్కడ సదూతూ 'ఎవలు' అని రాయడానికి జంకితే ఎలా?" పొడుగులో లేదు సంగతి. మనిషిని దాచడానికి పొడిగించావా, చూపించడానికి పొడిగించావా అన్నదే ఆమె ప్రశ్న.

ఆ పెన్సిలు నన్నూ వదల్లేదు. పత్రికల్లో నా వ్యాసాలు వస్తే కత్తిరించి పంపేదాన్ని. పొగుడుతుందని ఆశ. పోయినసారి వెళ్ళినప్పుడు ఒక కత్తిరింపు నా ముందు పెట్టింది. మార్జిన్ నిండా ప్రశ్నార్థకాలు. ప్రభుత్వం మోసం చేసింది. పాలకులు సిగ్గుపడాలి. ప్రజలు మేలుకోవాలి. నా వాక్యాలే.

"కోపం బాగున్నాది. 'ఎందుకంటే' ఏదే?"

"వ్యాసంలో ఊపు ఉండాలి టీచరమ్మా. ఆగి వివరిస్తే చల్లారిపోతుంది."

"సల్లారిపోయేదయితే అది కోపం కాదు. టైపు బాబు కాగితం తిరగేసినావు నువ్వు. ఆయన తప్పు నాదన్నాడు, నువ్వు తప్పు వాళ్ళదన్నావు. మద్దిన ఏటయినాదో ఇద్దరూ సెప్పనేదు."

నెల రోజులు ఆమెకు ఫోన్ చేయలేదు. అలిగాను. ఆ నెలే చివరి నెల అవుతుందని ఎవరు చెప్పారు? ఇక్కడ నేను ఎక్స్‌క్యూజ్ అడగను, ఆమెకు నచ్చదు. ఎందుకు అలిగానంటే, ఆమె చెప్పింది నిజం గనక.

నేను వెళ్ళేసరికి దహనం అయిపోయింది. కొట్టుకు షట్టరు వేసి ఉంది. దాని పైన పాత విద్యార్థులు కట్టిన ఫ్లెక్సీ. ఎ గ్రేట్ టీచర్. ఎ నోబుల్ సోల్. వి మిస్ యు. కింద స్టూలు మీద నాన్న కూర్చుని ఉన్నాడు. చూపు మందగించింది.

"ఏటి రాసినారే?"

చదివి నాన్నకు అర్థం చెప్పాను.

"స్పెల్లింగులు బాగున్నాయి కదా?"

"బాగున్నాయి నాన్నా."

"ఆవిడే నేదు ఇందల."

ఫ్లెక్సీ కట్టినవాళ్ళు విన్నారు. యాభై ఏళ్ళ మనుషులు హోంవర్కు చేయని పిల్లల్లా నేల చూపులు చూశారు. కొట్టాయన కోస్తా మనిషి, అదీ ఇదీ అనకుండా పక్క తలుపు తీసి మూడు తెల్ల చార్టులూ మార్కరూ తెచ్చాడు. "రాసుకోండమ్మా. ఆవిడ ఎప్పుడూ మా కొట్లో చార్టులే కొనేవారండి." షట్టరు మీద వరసగా అంటించాం. నేను మార్కరు పట్టుకున్నాను. మిగతావాళ్ళు అడగసాగారు. ఏ టీచరు? ఎవరికి చెప్పింది? దేంతో దిద్దింది? నాన్న తనకు తెలిసింది చెప్పాడు. పక్కనున్న ప్యూను కొడుకు గోడ సంగతి బెంగాలీలో చెప్పాడు. అన్నీ ఎక్కించాను.

ఒక్క దగ్గర తగువు వచ్చింది. "పోయారు అన్నది మెయిన్‌లో ఉండాలి కదా, వార్త అదే కదా," అన్నాడొకాయన.

"అది పక్కన కూకోబెట్టు," అన్నాడు నాన్న. "పెద్ద కుర్సీలో ఆవిడ అడిగినాది అని రాయి."

అలాగే ఇంగ్లీషులో రాశాను. నిన్న పొద్దున్న, చేతిలో పెన్సిలుతో, కుర్చీలో పోయిన ఆ మనిషి, ఎవరూ అడగనప్పుడు మమ్మల్ని అడిగింది. పోవడం ఒక పక్క మాట. అడగడం అసలు మాట. మిగతావన్నీ సాక్ష్యాలు. మూడో చార్టు నిండిపోయింది, వాక్యం అయిపోలేదు. నేను ఆగాను. కొట్టాయన తన గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సున్నం ఎలాగూ వేయించాలండి," అన్నాడు. గోడ మీదికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున్న కాలేజీ గేటు వైపు సైకిళ్ళు బారులుగా పోతున్నాయి. ఫ్లెక్సీ అయితే పోతూ పోతూనే చదివేయవచ్చు. ఇది కుదరదు. ఒకమ్మాయి బ్రేకు వేసి ఒక కాలు నేలకు ఆనించింది. మొదటి చార్టు అయింది. రెండో చార్టు సగంలో సైకిలు దిగింది. పెదవులు కదుపుతూ మూడోదాని దగ్గరికి నడిచింది. అక్కడినుంచి గోడ వైపు తల తిప్పింది. చుక్క ఇంకా రాలేదు.

నాన్న లేచి, తన స్టూలు ఆ అమ్మాయి వైపు జరిపాడు.